వడ్ల లెక్క ఒకటే, భాషలే వేరు

"అన్నా, ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే జాబ్ వస్తది?"

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి కాలేజీ బస్సుల్లో వచ్చే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సీనియర్ ఒకరు సీ అంటారు, బంధువుల్లో సాఫ్ట్‌వేర్ అన్న జావా అంటాడు, ఫోన్‌కు వచ్చే ప్రకటన పైథాన్ అంటుంది. ఈ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటుంది. దాన్ని గట్టిగా అడగరు. "టెన్త్ దాకా తెలుగు మీడియం. కోడింగ్ నాతోని అయితదా?"

మన తెలుగు క్లబ్ పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు రాద్దామనిపించింది. ఇంట్లో వడ్లు అమ్మిన డబ్బులో నుంచి కోర్సు ఫీజు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. సీఎస్ఈ వాళ్ళకే కాదు, సివిల్, మెకానికల్, ఈసీఈ వాళ్ళకు కూడా.

ముందు లెక్క, తర్వాత భాష

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన వడ్లు లారీల మీద మిల్లుకు వస్తాయి. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. ఆ వడ్లు ఆడించి మిల్లు వాళ్ళు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సింది క్వింటాలుకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు. మనం రా రైస్ లెక్క తీసుకుందాం. దీన్ని తెలుగులోనే రాస్తే ఇలా ఉంటుంది:

ప్రతి లారీకీ ఇలా చెయ్యి:
బరువు తీసుకో, తేమ తీసుకో.
తేమ 17 కన్నా ఎక్కువుంటే "ఆరబోయాలి" అని చూపించు.
లేకపోతే బరువును 67తో గుణించు, 100తో భాగించు, వచ్చిన బియ్యం చూపించు.

ఇదే ప్రోగ్రాం. ఇంకా ఏ కంప్యూటర్ భాషా రాలేదు, అయినా ఆలోచన మొత్తం ఇక్కడే ఉంది. ఇందులో మూడే మూడు పనులున్నాయి. ఒకటి, వరసగా చెయ్యడం. రెండు, షరతు చూసి దారి మార్చుకోవడం. మూడు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యడం. ఎంత పెద్ద ప్రోగ్రాం నడకనైనా ఈ మూడింటితో కట్టవచ్చని బోమ్, యాకోపిని అనే ఇద్దరు 1966లో గణితపరంగా నిరూపించారు. రైల్వే రిజర్వేషన్ అయినా, ఫోన్‌పే అయినా లోపల తిరిగేది ఇవే. భాష మారితే మారేది రాసే పద్ధతి, యంత్రానికి వదిలేసే పని ఎంత అన్నది. ఇది గుర్తుపెట్టుకుని ఇదే వడ్ల లెక్కను ఒక్కో భాష దగ్గరికి తీసుకెళ్దాం.

యంత్రానికి వచ్చింది రెండే అక్షరాలు

కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌కు సీ రాదు, పైథాన్ రాదు. దానికి తెలిసింది 0, 1 మాత్రమే. ఈ సున్నాలు ఒకట్లతో ఇచ్చే ఆదేశాలను మెషిన్ కోడ్ అంటాం. వాటిని మనుషులు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ఒక్కో ఆదేశానికి ఒక పొట్టి పేరు పెట్టారు: యాడ్, మూవ్, జంప్. అది అసెంబ్లీ భాష. అందులో మన లెక్క రాయాలంటే "బరువును ఫలానా రిజిస్టర్‌లో పెట్టు, 67తో గుణించు, ఫలితాన్ని ఇంకోచోట పెట్టు" అని ఒక్కో అడుగూ చెప్పాలి. పైగా ఒక రకం ప్రాసెసర్‌కు రాసింది ఇంకో రకానికి పనికిరాదు. ఈసీఈ వాళ్ళు మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో చేసేది ఈ పనే.

తర్జుమా, దుబాసీ

మనం రాసేది ఒక భాష, యంత్రానికి తెలిసింది ఇంకోటి. మధ్యలో తర్జుమా కావాలి. అది రెండు రకాలు.

పుస్తకం మొత్తం అనువాదం చేసి చేతికి ఇవ్వడం ఒక పద్ధతి. తర్వాత చదివేటప్పుడు అనువాదకుడితో పని లేదు. కంపైలర్ చేసేది ఇదే. సీ, సీ ప్లస్ ప్లస్ ఇలా నడుస్తాయి. అందుకే వేగం ఎక్కువ.

పక్కన నిలబడి ఒక్కో మాటా అప్పటికప్పుడు చెప్పడం రెండో పద్ధతి. పాత రోజుల్లో ఇలాంటి వాళ్ళను దుబాసీ అనేవాళ్ళు. ఇంటర్‌ప్రెటర్ ఒక దుబాసీ. రాసిన వెంటనే నడిపి చూసుకోవచ్చు, కానీ నడుస్తున్నంతసేపూ దుబాసీ పక్కనుండాలి కాబట్టి వేగం తగ్గుతుంది. పైథాన్‌ను మామూలుగా ఈ వరసలో చెబుతారు. నిజానికి అది లోపల ముందుగా బైట్‌కోడ్ అనే మధ్య రూపంలోకి మార్చుకుని, తర్వాత దాన్ని నడిపిస్తుంది.

జావా కూడా ఈ మధ్య దారిలోదే. ముందు బైట్‌కోడ్‌లోకి కంపైల్ అవుతుంది. ఏ కంప్యూటర్ మీదైనా జేవీఎం అనే దుబాసీ ఉంటే చాలు, ఆ బైట్‌కోడ్ అక్కడ నడుస్తుంది. ఎక్కువసార్లు నడిచే భాగాలను ఈ దుబాసీ అక్కడికక్కడే మెషిన్ కోడ్‌గా మార్చేసుకుంటాడు కూడా.

మొదటి తరం: శాస్త్రవేత్త, గుమాస్తా, తార్కికుడు

1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ విడుదల చేసింది. దాని పేరు అర్థమే సూత్రాల తర్జుమా. గణితంలో రాసినట్టే సూత్రం రాస్తే యంత్రం లెక్క చేస్తుంది. వాతావరణ అంచనాల ప్రోగ్రాంలలో ఫోర్‌ట్రాన్ ఇప్పటికీ ఉంది. ఇదే బ్యాకస్ తర్వాత కంప్యూటర్ భాషల వ్యాకరణం రాసే ఒక పద్ధతి తయారుచేశాడు. అలాంటి సూత్రపద్ధతిని సంస్కృతానికి పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి దానికి "పాణిని బ్యాకస్ రూపం" అని పేరు పెట్టాలని 1967లో ఇంగర్మన్ అనే పరిశోధకుడు సూచించాడు. వ్యాకరణం అంటే భయపడే వాళ్ళు, కంపైలర్ డిజైన్ అంటే భయపడే వాళ్ళు నిజానికి భయపడేది ఒకే సబ్జెక్టుకు!

కోబాల్ 1959లో మొదలైంది. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన ఫ్లోమాటిక్ దీనికి పునాది. ఇది ఆఫీసు గుమాస్తా భాష. గుణించు, కలుపు అనే మాటలను పూర్తి వాక్యాల్లాగా రాస్తారు. పైసలు తేడా రాకుండా దశాంశాల్లోనే లెక్క చెయ్యడం దీని బలం. పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో 0.1కి 0.2 కలిపి చూడండి. 0.30000000000000004 అని వస్తుంది. పదో వంతును రెండంకెల లెక్కలో కచ్చితంగా రాయలేకపోవడమే కారణం. దీనికి పైథాన్‌లో డెసిమల్ అనే విడి ఏర్పాటు ఉంది. కోబాల్‌లో అది పుట్టుకతోనే ఉంది.

లిస్ప్‌ను 1958లో జాన్ మెకార్థీ రూపొందించాడు. అంకెలను కాకుండా గుర్తులను, ఆలోచనలను నడిపించడానికి పుట్టిన భాష ఇది. కృత్రిమ మేధ పరిశోధన చాలా ఏళ్ళు దీని మీదే నడిచింది. మెకార్థీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్ళలో ఒక తెలుగువాడున్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా మూలాలున్నవాళ్ళలో ఆ అవార్డు మొదట వచ్చింది ఆయనకే. ఆయన గిండీలో చదివిన బీఈ ఏ బ్రాంచో తెలుసా? సివిల్ ఇంజనీరింగ్. "మాది సీఎస్ఈ కాదు కదా అన్నా" అనే వాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

సీ: అన్నీ నీ చేతికే ఇచ్చే భాష

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ భాష రూపొందించాడు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంను దీంతోనే తిరగరాశారు. లినక్స్ గుండెకాయ కూడా ఎక్కువ భాగం సీలోనే ఉంది. మెమరీలో ఎక్కడ ఎంత చోటు కావాలో నువ్వే అడగాలి, వాడుకున్నాక నువ్వే తిరిగి ఇవ్వాలి. ఇవ్వడం మర్చిపోతే అది అడగదు. ఇచ్చేసిన చోటును మళ్ళీ ముట్టుకున్నా చాలాసార్లు చెప్పదు.

మన వడ్ల లెక్కలో బియ్యం కావాలని సీలో "67/100 × బరువు" అని రాశారనుకోండి. లారీలో 200 క్వింటాళ్ళున్నా జవాబు సున్నా! ఎందుకంటే 67, 100 రెండూ పూర్ణాంకాలు. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సీ భిన్నాన్ని పారేసి సున్నా ఇస్తుంది. సున్నాను దేంతో గుణించినా సున్నానే. జావాలోనూ ఇంతే. పైథాన్ 3లో మాత్రం 67/100 అంటే 0.67 వస్తుంది, బియ్యం 134 క్వింటాళ్ళు అవుతాయి. ఎర్రర్ ఎక్కడా రాదు. ప్రోగ్రాం హాయిగా నడిచి తప్పు చెబుతుంది. ఈ రోజుల్లో ఏఐని అడిగితే కోడ్ రాసిపెడుతుంది కదా అంటారు. రాసిపెడుతుంది. ఈ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి మాత్రం మనకు భాష తెలియాలి.

బస్తా మీద పేరు: జావా, పైథాన్

మిల్లులో కొందరు బస్తా కుట్టకముందే దాని మీద రాస్తారనుకోండి: ఇది వడ్లకు, ఇది బియ్యానికి, ఇది తవుడుకు. వడ్ల బస్తాలో తవుడు పోయబోతే అక్కడే ఆపేస్తారు. సీ, జావా ఇలాంటివి. ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో ముందే చెప్పాలి. చాలా పొరపాట్లు ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ దగ్గర దొరుకుతాయి.

పైథాన్‌లో బస్తా మీద ఏమీ రాయనక్కర్లేదు. ఇప్పుడు వడ్లు పోయి, తర్వాత అదే బస్తాలో ఇంకేదైనా పోయి. రాయడం తేలిక, కానీ తేడా వస్తే నడిచేటప్పుడే తెలుస్తుంది.

పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ 1991లో లోకానికి ఇచ్చాడు. జావాను సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గాస్లింగ్ బృందం తయారుచేస్తే 1995లో బయటికి వచ్చింది. ఈ రెండింటిలోనూ వాడని మెమరీని భాషే ఊడ్చేస్తుంది. పెద్ద కంపెనీల్లో, బ్యాంకుల్లో వందల మంది కలిసి ఏళ్ళ తరబడి నడిపే ప్రోగ్రాంలకు జావా క్రమశిక్షణ పనికొస్తుంది. డేటా, మెషిన్ లెర్నింగ్, చిన్న చిన్న పనుల ఆటోమేషన్‌కు పైథాన్ సులువు. మెమరీ విషయంలో సీ వేగం కావాలి, ఆ ప్రమాదం వద్దు అనుకున్నవాళ్ళకు రస్ట్ ఉంది. దాని మొదటి పూర్తి వెర్షన్ 2015లో వచ్చింది.

తెర మీద ఒకటి, గోదాములో ఒకటి

మిల్లుకు వెబ్ పేజీ కావాలంటే బ్రౌజర్‌లో నడిచేది జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. పేరులో జావా ఉన్నా జావాకు ఇది తమ్ముడు కాదు. ఇది మరీ సర్దుకుపోయే భాష. వే బ్రిడ్జి బరువు పేజీలోని డబ్బాలో 100 అని కొడితే అది అంకె కాదు, అక్షరాలుగా వస్తుంది. దానికి 50 కలిపితే 150 రాదు, రెండూ పక్కపక్కన చేరి 10050 అవుతుంది! ఇదే పని పైథాన్‌లో చేస్తే అక్షరాలకు అంకె కలపలేనని ఆగిపోతుంది. గొడవ పడే భాష ఒక్కోసారి మేలు చేస్తుంది.

హెచ్‌టీఎంఎల్ ఈ వరసలోకి రాదు. పేజీలో ఏది ఎక్కడుందో చెప్పే గుర్తుల భాష అది. షరతులు, లెక్కలు దానిలో ఉండవు.

సీజన్ అంతా వచ్చిన లారీల లెక్కలు దాచేది డేటాబేస్‌లో. దాన్ని అడిగే భాష ఎస్‌క్యూఎల్. 1970ల్లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ దీన్ని మొదలుపెట్టారు. ఇక్కడ "ఒక్కో లారీ తియ్యి, తేమ చూడు, కలుపు" అని చెప్పం. "తేమ 17 మించని లారీల బరువు మొత్తం ఎంత?" అని అడుగుతాం, అంతే. ఎలా వెతకాలో అది చూసుకుంటుంది. ఏ ఉద్యోగానికి వెళ్ళినా తగిలే భాష ఇది, జూనియర్లు నన్ను తక్కువ అడిగేది కూడా దీని గురించే.

మన ఊళ్ళ పేర్లకు అక్షరాలెన్ని?

ఛందస్సు తెలిసినవాళ్ళకు అక్షరం అంటే ఏమిటో తెలుసు. సూర్యాపేటలో సూ, ర్యా, పే, ట నాలుగు. కోదాడలో మూడు. మిర్యాలగూడలో ఐదు. ఇప్పుడు కంప్యూటర్‌ను అడుగుదాం.

పైథాన్‌లో పొడవు అడిగితే సూర్యాపేట 9, కోదాడ 5, మిర్యాలగూడ 10 అంటుంది. సీలో యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్న ఆ పేర్లకే పొడవు అడిగితే 27, 15, 30 అంటుంది.

ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, గుణింతం గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య. "ర్యా" అంటే ర, పొల్లు, య, దీర్ఘం కలిసి నాలుగు. పైథాన్ ఈ సంఖ్యలను లెక్కపెట్టింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి, సీ ఆ బైట్లను లెక్కపెట్టింది. మనం పలికే అక్షరాలను లెక్కపెట్టాం.

ప్రతి భాషకూ లోకాన్ని చూసే చూపు ఒకటుందని ఈ మూడు పేర్లు చెప్పేస్తాయి. తెలుగు పేరును పది గుర్తుల దగ్గర కత్తిరించే ప్రోగ్రాం రాస్తే ఒత్తు ఎగిరిపోయి పొల్లు మిగలొచ్చు. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్‌కు అది వెంటనే కనబడుతుంది. పద్యంలో గణాలు గుర్తించే ప్రోగ్రాం రాయాలన్నా ముందు ఈ గుర్తులను అక్షరాలుగా కూర్చాలి. మన క్లబ్‌లో ఎవరైనా ప్రాజెక్టు వెతుక్కుంటుంటే ఇదిగో ఒకటి.

ఇంగ్లీషు ఎంత కావాలి?

దాక్కున్న ప్రశ్నకు వద్దాం. సీ భాష 1989 ప్రమాణంలో ప్రత్యేక పదాలు 32. ఇప్పటి పైథాన్‌లో 35. ఇఫ్, ఎల్స్, వైల్, రిటర్న్ లాంటివి. క్రికెట్‌లో మనం వాడే ఇంగ్లీషు మాటలు ఇంతకన్నా ఎక్కువే ఉంటాయి!

పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. బరువు, తేమ, బియ్యం అని తెలుగు లిపిలోనే రాస్తే ప్రోగ్రాం నడుస్తుంది. జావాలో, జావాస్క్రిప్ట్‌లో కూడా కుదురుతుంది. పైథాన్‌కు ౧౭ అనే తెలుగు అంకెలను అక్షరాలుగా ఇచ్చి పూర్ణాంకంగా మార్చమంటే 17 అని మారుస్తుంది. కాకపోతే ఆ అంకెలను నేరుగా కోడ్‌లో సంఖ్యగా రాస్తే ఒప్పుకోదు.

ఉద్యోగంలో నలుగురితో పనిచేసేటప్పుడు పేర్లు ఇంగ్లీషులోనే పెట్టాలి. ఎర్రర్ సందేశాలు, డాక్యుమెంటేషన్ కూడా ఇంగ్లీషులోనే ఉంటాయి. చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు కావాలి, అది రోజూ చదివితే వస్తుంది. ఇంటర్వ్యూలో మాట్లాడే ఇంగ్లీషు వేరే సాధన. ఆలోచించడానికి మాత్రం తెలుగు సరిపోతుంది. వడ్ల లెక్క మనం తెలుగులోనే కదా రాసుకున్నాం.

మరి ఏది నేర్చుకోవాలి?

1990ల చివర్లో కోబాల్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పాత ప్రోగ్రాంలలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచారు. 99 తర్వాత 00 వస్తే యంత్రం 1900 అనుకుంటుందని భయం. ఆ వైటూకే పనుల మీద ఎంతోమంది తెలుగువాళ్ళు అమెరికా వెళ్ళారు. 2000 దాటాక ఆ గిరాకీ తగ్గింది. అమీర్‌పేట బోర్డుల మీదికి జావా, డాట్‌నెట్ వచ్చాయి. ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్, ఏఐ ఉన్నాయి. మీరు ఫైనల్ ఇయర్‌కు వచ్చేసరికి బోర్డు మళ్ళీ మారవచ్చు. బోర్డు చూసి పరిగెత్తితే ఎప్పుడూ వెనకే ఉంటాం.

అందుకని నా సలహా ఇది. మొదటి సంవత్సరంలో సీ ఉంటే దాన్నే గట్టిగా పట్టుకోండి, లోపల ఏం జరుగుతుందో అదే చూపిస్తుంది. తర్వాత పైథాన్, జావాల్లో ఒకటి. దాంతోపాటు ఎస్‌క్యూఎల్. వెబ్ మీద ఇష్టముంటే జావాస్క్రిప్ట్. ఆండ్రాయిడ్ యాప్‌లంటే కాట్లిన్. చిప్‌లు, సెన్సార్లంటే సీని వదలొద్దు. సివిల్, మెకానికల్ వాళ్ళు పైథాన్‌తో మొదలుపెట్టొచ్చు.

ఫీజు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ వడ్ల లెక్కను ముందు కాగితం మీద తెలుగులో, తర్వాత సీలో, తర్వాత పైథాన్‌లో రాయండి. కాలేజీ ల్యాబ్ చాలు, పైసా ఖర్చు లేదు. బాయిల్డ్ అయితే 68 అనే షరతు కలపండి. తేమ సరిగ్గా 17 ఉన్న లారీకి ఏమొస్తుందో చూడండి. బరువు దగ్గర పొరపాటున అక్షరాలు కొడితే ఏమవుతుందో చూడండి. ఇవన్నీ రెండు భాషల్లో చేసి, తేడా ఎక్కడొచ్చిందో పక్కవాళ్ళకు తెలుగులో చెప్పగలిగితే మూడో భాషకు కోచింగ్ అవసరం మీకు ఉండకపోవచ్చు. చెప్పలేకపోతే ఎన్ని వేలు కట్టినా ఇంకో భాష పేరు రెజ్యూమెలో చేరుతుంది, అంతే.

ఎక్కడైనా ఆగిపోతే నన్ను ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో పట్టుకోండి. తెలుగులో రాసిన కాగితం మాత్రం చేతిలో ఉండాలి. ముందు అది చూశాకే కోడ్ చూస్తా!